తలుపు బయటి కుర్చీ

కింద రెండు పళ్లు, పైన ఒకటి చిగురు చీల్చుకుని తెల్లగా కనిపిస్తోంది అంతే, దాన్ని పన్ను అనడానికి కూడా లేదు, ఆ పంటితో అరటిపండు ముక్కే నలగదు, మరి గింజ నలుగుతుందా, నలగదు, నలగకూడదు, కానీ నిన్న పొద్దున తన వేలు కొరికాడు కదా వెధవ, గాటు పడింది కదా, ఇదిగో ఇప్పటికీ ఉంది, చూపుడువేలి మీద సన్నటి ఎర్ర గీత. యూరానీ ఆ గీతనే చూసుకుంటూ పిల్లల ఆసుపత్రి నడవాలో, మూసి ఉన్న తలుపు బయట, పసుపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. తలుపు లోపల యోంటె ఉన్నాడు, పది నెలలవాడు. వాడి పక్కన వాడి తల్లి ఇమ్కె ఉంది. వాడి కడుపులో గురివింద గింజ ఉందో లేదో యూరానీకి తెలియదు. ఊరికే మింగితే రెండో రోజుకి అదే బయటపడుతుంది, కొరికి మింగితే ప్రాణం తీస్తుంది. తన ఊరు లోరికాలో, సినూ నది ఒడ్డున చేపలు తోముకునే ఏ అమ్మమ్మని అడిగినా ఈ సంగతి చెబుతుంది. అందుకే అక్కడ ఆ గింజని పిల్లల చేతికి కట్టేటప్పుడు ముడి మీద ముడి వేసి, దారం చివర నిప్పుతో కాల్చి మరీ కడతారు. యూరానీ కూడా అలాగే కట్టింది. ముడి మీద ముడి వేసింది, కాల్చింది, పొడవు చేతుల చొక్కా కింద కనిపించకుండా తోసింది. కట్టింది తనేనన్న ముక్క మాత్రం ఇంతవరకు ఒక్క స్నేహితురాలికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం నిద్ర లేచాడు, కేరింతలు కొడుతున్నాడు, తను పాలు కలుపుకుని వచ్చేసరికి ఎర్ర దారం నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. దారం తడిగా ఉంది. దానికి గింజ లేదు. నోట్లో వేలు పెట్టి చూసింది, పక్కబట్టలు దులిపింది, మంచం కింద పాకింది, గోడకీ మంచానికీ మధ్య సందులో చెయ్యి పెట్టి బొమ్మ బాతునీ, ఎప్పటిదో రొట్టె ముక్కనీ లాగింది, గింజ లేదు. వాడు నవ్వుతూనే ఉన్నాడు, అదే భయం, విషం తిన్న పిల్లాడు ఇంతలా నవ్వుతాడా, నవ్వుతాడేమో, మొదట ఏమీ తెలియదంటారు కదా, గంటల తర్వాత గానీ తెలియదంటారు. అంబులెన్సుకి ఫోను చేసింది. ఇన్ని నెలలుగా నేర్చుకున్న జర్మన్ అంతా ఎటో ఎగిరిపోయి, బాబు అనాల్సిన చోట పిల్లి అని, గింజ అనాల్సిన చోట ఏదో పండు పేరు చెప్పి, చివరికి ఒకే మాట పట్టుకుని అరిచింది, విషం, విషం, విషం అని. వాళ్లకు అర్థమైంది. ఆ మాటకు ఏ యాసైనా చాలు కాబోలు.

"నువ్వెవరు?" అంది నర్సు, ఆసుపత్రి గుమ్మం దగ్గర పిల్లాడిని చేతుల్లోంచి తీసుకుంటూ. ఓపేర్ అంది యూరానీ. "అంటే కుటుంబం కాదు," అంది నర్సు, తిట్టినట్టు కాదు, బట్టలు మడతపెట్టి అరల్లో సర్దినట్టు. అంతలో ఇమ్కె ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చింది, కోటు బొత్తాలు తప్పుగా పెట్టుకుని, ఒక చేతికే తొడుగు తొడుక్కుని, యూరానీ ముఖం కేసి చూడను కూడా చూడకుండా లోపలికి పోయింది, తలుపు పడింది. ఓపేర్ అంటే ఏమిటో యూరానీకి తనని ఇక్కడికి పంపిన ఏజెన్సీవాళ్లు బొమ్మలు వేసి మరీ చెప్పారు. పరాయి దేశంలో ఒక ఇంట్లో ఉంటావు, వాళ్ల పిల్లల్ని చూస్తావు, వాళ్ల భాష నేర్చుకుంటావు, పనిమనిషివి కావు, వాళ్ల కూతురితో సమానం. ఇమ్కె కూడా మొదటి రోజే అంది, నన్ను పేరు పెట్టి పిలువు, నువ్వు ఇంట్లో మనిషివి అని. ఇంట్లో మనిషి కాబట్టే శనివారం కూడా గిన్నెలు సర్దింది. ఇంట్లో మనిషి కాబట్టే ఇమ్కెకి ఆఫీసులో ఆలస్యమైన ప్రతి సాయంత్రమూ భాష తరగతి మానేసింది, పరాయి మనిషైతే కూలి అడిగి ఉండేది, ఇంట్లో మనిషి ఎలా అడుగుతుంది, నోరెలా వస్తుంది. ఈ ఇంట్లో మనిషితనం ఎంత విచిత్రమైందో చూడండి, పని ఉన్న చోటల్లా ఉంటుంది, తలుపు ఉన్న చోట ఆగిపోతుంది. సరే, ఆ లెక్కలు తర్వాత, ముందు వాడు బతకాలి, వాడు బతికితే గిన్నెలన్నీ తోముతాను, ఊరి గిన్నెలన్నీ తోముతాను, అని వెంటనే మళ్లీ దేవుడితో బేరానికి దిగినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఇన్నాళ్లూ తోమింది చాలదా.

అసలు ఇదంతా ఆ ముసలావిడ వల్ల. ఇమ్కె తల్లి, గెషె. ఆకులు రాలే కాలంలో వచ్చింది, పొడవాటి మనిషి, నీళ్ల లాంటి కళ్లు. గుమ్మంలోనే నిలబడి మనవడిని చూసి, అబ్బ ఏం అందం, ఏం బుగ్గలు, ఇంత చక్కటి పిల్లాడిని నా జన్మలో చూడలేదు అని అంటూనే ఉంది, అంటూనే ఉంది, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని. ముట్టుకోలేదు. రైల్లో వచ్చాను, చేతులు కడుక్కోలేదు అంది. యూరానీకి ఒళ్లు జలదరించింది. లోరికాలో బస్సులో పక్కసీటు మనిషి కూడా పిల్లని పొగిడితే వెంటనే తల నిమురుతుంది, నిమరకపోతే తల్లే చెయ్యి పట్టుకుని లాగి పిల్ల మీద పెట్టిస్తుంది, ముట్టుకోవే తల్లీ, నీ చూపు బరువైంది, ముట్టుకుని పో అంటుంది. ఈ దేశంలో శుభ్రం అంటే ముట్టుకోకపోవడం. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చేసరికి వాడు నిద్రపోయాడు, ఆవిడ రైలుకి టైమైంది. ఆ రాత్రి నుంచి మొదలు. ఏడుపు, కక్కడం, సీసా తోసెయ్యడం, పొట్ట రాయిలా బిగవడం. డాక్టరు పళ్లు అన్నాడు. పళ్లే అయ్యుండొచ్చు, యూరానీ డాక్టరుతో పోట్లాడదు, కానీ పళ్లొచ్చే పిల్లలు వేరేగా ఏడుస్తారు, తమ్ముళ్లిద్దరినీ పెంచింది, ఆమెకి తెలుసు. తన పెట్టె అడుగున, అమ్మమ్మ టూలియా ప్రయాణం రోజు గుడ్డలో చుట్టి పెట్టిన గింజ ఉంది. "నీ కోసమే పెడుతున్నానే," అంది అమ్మమ్మ, "అక్కడ చలి దేశపోళ్ల కళ్లు ఎట్లుంటాయో ఏమో." తన కోసం పెట్టింది వాడికి కట్టింది. నిజం చెప్పాలంటే అమ్మకి కూడా అంత ప్రేమగా ఏదీ ఇవ్వలేదు యూరానీ. కట్టిన రెండో రాత్రికి వాడు నిద్రపోయాడు. పళ్లు బయటికొచ్చాయేమో, గింజ పని చేసిందేమో. ఏదో ఒకటి. నిద్రపోయాడు.

ఫోను వణికింది. నాయిబె, ఇందాక అంతా రాసి పంపిన స్నేహితురాలు. ఈ ఊళ్లోనే ఇంకో ఇంట్లో ఓపేర్, తన దేశంలోనే బరాంకియా ఊరి పిల్ల, నోరు మూత పడదు. మాటలు రికార్డు చేసి పంపింది, యూరానీ ఫోను చెవికి నొక్కుకుని విన్నది. "పిచ్చిదానా, ఏడవకు, ముందు ముక్కు తుడుచుకో. విను. గింజ పార్కులో దొరికిందని చెప్పు. అక్కడ పిల్లలు మట్టి కూడా తింటారు, ఎవరూ అడగరు. నువ్వు కట్టావని చెప్పావో, రేపు పొద్దున నీ పెట్టె గుమ్మంలో ఉంటుంది, ఎల్లుండికి ఏజెన్సీ ఆవిడ ముఖం ఇంత చేసుకుని వస్తుంది, ఇంకో ఇల్లు దొరక్కపోతే వీసా పాయె. నాకు తెలిసిన పిల్ల ఒకతి పిల్లాడికి దగ్గుకి ఉల్లిపాయ కట్టిందని పంపించేశారు, ఉల్లిపాయ, నవ్వకు." మళ్లీ, గొంతు తగ్గించి, "బాబు బాగున్నాడా ముందు అది చెప్పు. ఏమైనా తిన్నావా నువ్వు? తినవు నువ్వు, నాకు తెలుసు, గాడిదా." యూరానీ వింటూ పార్కుని ఊహించుకుంది. తడి ఇసుక, ఊయల, ఆకులు, ఆకుల మధ్య ఎర్రగా గింజ. ఎంత చక్కగా కుదిరింది అబద్ధం, నిజం కన్నా నమ్మశక్యంగా ఉంది. కానీ ఈ చలి నేలలో గురివింద తీగ ఎక్కడ పాకుతుంది, డాక్టరు అడగడూ, అడుగుతాడు, అడక్కపోయినా తనకి తెలుసు కదా, వాడికి ఏమైనా అయితే పార్కు మీద ఎంతకాలం తోస్తుంది, బతికున్నన్నాళ్లూ ప్రతి ఊయలనూ చూసి తోస్తూనే ఉండాలి. తల్లడిల్లింది. ఇమ్కె అడిగితే చెప్పేస్తాను. అడగకపోతే? అడగకపోయినా చెబుతాను. ముందు తలుపు తెరుచుకోనీ.

తలుపు తెరుచుకోలేదు. నడవా చివర కిటికీలోంచి ట్రామ్ తీగలు, బూడిద రంగు ఆకాశం. ఈ ఊళ్లో నది కూడా బూడిద రంగే. సినూ అయితే గోధుమ రంగు, వాన కాలంలో పాలు ఎక్కువైన కాఫీలా పొంగుతుంది, అమ్మమ్మ గట్టు మీద బోకాచికో చేపల పొలుసు గీస్తూ ఒక్కో చేపకీ ఒక్కో తిట్టు తిడుతుంది, పొలుసులు ఎండకి చమక్కు చమక్కు, తమ్ముడు పడవలోంచి అరుస్తాడు, కొబ్బరి అన్నం వాసన, పుల్లటి మీగడ వాసన, తనకి ఇప్పుడు వాసనే రావడం లేదు, ఆసుపత్రి మందు వాసన కూడా, ముక్కు మొద్దుబారింది. ఇప్పుడే ఇంటికి పంపేస్తే? వెళ్లి అదే గట్టు మీద కూర్చుంటే? అంత చెడ్డగా ఏముంది అందులో, గట్టు గట్టే. కానీ లోరికాలో ప్రతివాడూ అడుగుతాడు, ఏమే, అప్పుడే వచ్చేశావేం, ఏం చేశావేం అని, ఆ 'ఏం చేశావేం' భరించలేదు. పిల్లల నర్సు చదువుకి ఈ దేశంలోనే చేరాలని ఆమె కోరిక, దానికి ఈ భాష కావాలి, ఈ భాషకి ఈ ఏడాది చాలదు, వచ్చే ఏడు కూడా కావాలి. ఛీ. లోపల పిల్లాడు ఎలా ఉన్నాడో తెలియదు, తను వీసా లెక్కలు వేసుకుంటోంది. ఏం మనిషి. కానీ వేసుకోకుండా ఎలా ఉంటుంది, తన బతుకూ ఆ మూడు పళ్ల మధ్యే ఇరుక్కుని ఉంది కదా, దానికి సిగ్గెందుకు, ఇమ్కె కూడా లోపల కూర్చుని ఆఫీసు గురించి ఒక్క క్షణమైనా అనుకుని ఉండదా, అనుకుని ఉంటుంది, మనుషులం. వాడు పొద్దున మేలుకోగానే ఎవరి కోసం చేతులు చాపుతాడు? ఈ చేతుల కోసమే. మెడ కింద ముఖం దాచి ముక్కుతో పొడుస్తాడు, చొల్లు కారుస్తాడు, చొక్కా తడిసి ముద్దవుతుంది. అది ఉద్యోగం కాదు. ఉద్యోగం కాదని చెప్పి కూలి ఎగ్గొడతారు, అదీ నిజమే, రెండూ నిజమే. దేవుడా, వాడికేం కాకుండా ఉంటే.

చక్రాల బండి చప్పుడయింది. ఇందాకటి నర్సే, ఖాళీ గ్లాసులు తోసుకుపోతోంది. యూరానీని చూసి ఆగింది.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా? ఇంటికెళ్లిపోయావనుకున్నానే."

"గింజ," అంది యూరానీ. ఇంకే మాటా రాలేదు.

"గింజా? ఓ, అదా. దొరికింది కదా." నర్సు ముక్కు గోక్కుంది. "వచ్చీ రాగానే బట్టలు విప్పాం, చంక మడతలో అతుక్కుని ఉంది. బొద్దుగా ఉన్నాడు కదా, మడతల్లో ఏదైనా పడుతుంది. గీత కూడా పడలేదు గింజ మీద. పెద్ద డాక్టరు ఎందుకైనా మంచిదని కాసేపు ఉంచి చూస్తున్నాడు, అంతే, ఇప్పుడే పంపించేస్తారు. తల్లి చెప్పలేదా నీకు?"

చంక మడతలో. చొక్కా చేతిలోంచి జారి, చెమటకి అతుక్కుని, ఇంతసేపూ వాడి చంకలో వెచ్చగా పడుకుని ఉంది గింజ. అంబులెన్సులో తను ఒడిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు తన బొటనవేలు ఆ చంక కిందే ఉంది. యూరానీకి తను ఇంతసేపు దవడ బిగించి ఉందని వదిలాక గానీ తెలియలేదు, పళ్లు నొప్పెట్టాయి. మందు వాసన ఒక్కసారిగా ముక్కుకి కొట్టింది, వెనకే ఎవరి గదిలోంచో సూపు వాసన, ఉల్లిపాయ వేసిన సూపు, ఎంత ఆకలి, పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా, బతికే ఉన్నాడు, వెధవ బతికే ఉన్నాడు, చంకలో గింజ పెట్టుకుని అందరినీ చంపాడు, నవ్వొచ్చింది, నవ్వుతోంటే ముక్కు కారింది, చొక్కా చేత్తోనే తుడుచుకుంది, నడవా, కిటికీ, బూడిద ఆకాశం అన్నీ ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టు తేటగా ఉన్నాయి, బూడిద రంగు కూడా ఇంత బాగుంటుందని ఇన్నాళ్లూ చూడనే లేదు. ఊపిరి పీల్చింది. ఇంకొకటి పీల్చింది. మూడో ఊపిరికి అసలు మాట తగిలింది. వచ్చీ రాగానే, అంది నర్సు. వచ్చీ రాగానే దొరికింది. మరి ఈ గంటా? ఈ గంటసేపూ తను ఇక్కడ పిల్లాడిని పదిసార్లు చంపి పదిసార్లు పూడ్చింది కదా, తలుపు అవతల అడుగు దూరంలో గింజ గిన్నెలో పడి ఉంటే. ఒక్క మాట. తలుపు కాస్త తెరిచి తల బయట పెట్టి ఒక్క మాట చెప్పడానికి ఎవరికీ మనసు రాలేదు.

లేచింది. తలుపు తట్టలేదు. తోసింది.

ఇమ్కె మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఉంది, కోటు ఇంకా తప్పు బొత్తాలతోనే. పిల్లాడు మంచం మీద కాళ్లు పైకెత్తి బొటనవేలు చీకుతున్నాడు. యూరానీని చూడగానే బొటనవేలు వదిలి చేతులు చాపాడు.

"దొరికిందంట," అంది యూరానీ.

"దొరికింది."

"నాకు చెప్పలేదు."

యూరానీ గుండెలో ఉన్నది ఇంక ఆగలేదు, జర్మన్ తప్పులు తప్పులుగానే బయటికొచ్చింది. "అది కట్టింది నేనే. మా ఊరి గింజ. దిష్టి తగలకుండా కడతారు. విషమని తెలిసే కట్టాను, ముడి గట్టిగా వేశాను, ఊడదనుకున్నాను. నీకు చెప్పకుండా కట్టాను, ఆ తప్పు నాదే. పంపించేస్తే పంపించెయ్యి. కానీ గంటసేపు నన్ను..."

"నువ్వు కట్టావని తెలుసు," అంది ఇమ్కె.

యూరానీ పిల్లాడి ఉత్త మణికట్టు కేసి చూసింది.

"పోయిన ఆదివారం నువ్వు లేవు. వాడికి స్నానం పోస్తుంటే చూశాను. ఎర్రగా, ముద్దుగా ఉంది. దారం బిగుసుకుని మణికట్టు మీద గీత పడింది. కత్తిరించి, అలాంటిదే వేరే ఎర్ర దారం వేసి నేనే కట్టాను. వదులుగా." ఇమ్కె తన చేతుల కేసి చూసుకుంది, ఎవరివో చేతులైనట్టు. "ఊడింది నువ్వు వేసిన ముడి కాదు. నాది."

"తీసి పారెయ్యకపోయావా?"

"వాడు నిద్రపోతున్నాడు యూరానీ. అది కట్టినప్పటి నుంచి రాత్రంతా నిద్రపోతున్నాడు. నేనూ నిద్రపోతున్నాను. అలాంటివి నేను నమ్మను. కానీ తియ్యాలంటే భయమేసింది." ముక్కు చీదింది. "విషమని తెలియదు నాకు. ఇక్కడికి వచ్చాక డాక్టరు చెప్పాడు. గింజ దొరికింది. బయటికొచ్చి నీకు చెప్పాలంటే ఇది కూడా చెప్పాలి కదా. లేవలేకపోయాను. ఇంకాసేపు, ఇంకాసేపు అని కూర్చున్నాను."

యూరానీ మంచం అంచున కూలబడింది. పిల్లాడు ఆమె జడ అందుకుని నోట్లో పెట్టుకున్నాడు. గంటసేపు ఒకే తప్పుని ఇద్దరూ మోశారన్నమాట, మధ్యలో తలుపు పెట్టుకుని. తనకి కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ దాని కింద ఇంకేదో పెద్దది, వేడినీళ్ల స్నానం లాంటిది, ఒళ్లంతా పాకుతోంది, తన ముడి ఊడలేదు, అమ్మమ్మ నేర్పిన ముడి ఊడలేదు, తనొక్కతే కాదు, తనొక్కతే కాదు.

"నువ్వు వెళ్లిపోతావా?" అంది ఇమ్కె. "ఏజెన్సీకి చెప్పి వేరే ఇల్లు అడుగుతావా?"

యూరానీ ఆమె ముఖం చూసింది. ఇంతసేపూ తను భయపడిన మాటే ఇది, తిరగేసి అవతలి నోట్లోంచి వస్తోంది. ఈ మనిషి కూడా తనని చూసి భయపడగలదని ఇన్ని నెలల్లో ఒక్కనాడూ తట్టలేదు.

"వెళ్లను," అంది. "వచ్చే ఏడు కూడా ఉంటాను. కానీ ఇలా బయట కూర్చోబెట్టకు ఇంకోసారి. చెడ్డ కబురైనా సరే, వచ్చి చెప్పు. తరగతి రోజుల్లో సాయంత్రం నువ్వు ఇంటికి రావాలి. ఆలస్యమైతే నీ పిల్లాడి సంగతి నువ్వే చూసుకో. శనివారం గిన్నెలు కూడా నేను ముట్టను."

"సరే."

"నిజంగా సరేనా, ఇప్పుడు భయంలో అంటున్నావా?"

"భయంలోనే అంటున్నాను," అంది ఇమ్కె. "రేపు మళ్లీ అడుగు. రేపు కూడా అంటాను." పిల్లాడి చేతిని పట్టుకుని, "దారం మళ్లీ కడతావా వాడికి?" అంది.

"గింజ లేకుండా కడతాను. ఉత్త దారం."

"అది పని చేస్తుందా?"

"నువ్వు నమ్మవు కదా."

ఇమ్కె నవ్వింది, ఏడుపు గొంతుతోనే. పెద్ద డాక్టరు వచ్చి యోంటె పొట్ట నొక్కి, ఇంటికి తీసుకుపొండి, ఇంత బొద్దు పిల్లాడికి మడతలన్నీ వెతికి మరీ పడుకోబెట్టండి అని పోయాడు. చలికోటు తొడిగారు, టోపీ పెట్టారు. అలవాటు ప్రకారం ఇమ్కె పిల్లాడిని ఎత్తి యూరానీ కేసి చాపింది, సంచీ కోసం తిరిగింది. యూరానీ చేతులు కూడా అలవాటు ప్రకారం లేవబోయాయి. చూసుకుంది. దించేసింది.

"నువ్వే ఎత్తుకో," అంది. "నా చేతులకి పట్టు చిక్కడం లేదు."

ఇమ్కె పిల్లాడిని భుజానికి వేసుకుంది. సంచీ ఇంకో భుజానికి తగిలించుకుంది. బయట గాలి చెంపల మీద సూదుల్లా గుచ్చుతోంది, హాయిగా ఉంది, సూపు వాసన ఇంకా ముక్కులోనే ఉంది, దారిలో రొట్టెల దుకాణం తెరిచి ఉంటుంది, రెండు తింటుంది, నాయిబెకి ఫోను చేసి పార్కు అక్కర్లేకపోయిందే గాడిదా అని చెబుతుంది. ట్రామ్ స్టాపు దాకా వచ్చేసరికి ఇమ్కెకి ఆయాసం వచ్చింది. ఆగి, పిల్లాడిని ఇంకో భుజం మీదకి మార్చుకుంది.

"బరువున్నాడు వీడు," అంది.

"రోజూ అంతే ఉంటాడు," అంది యూరానీ, చేతులు జేబుల్లో పెట్టుకుని.